గూడు జారిన ఉడుత పిల్లను బతికించుకోవడం

ఉడుత పిల్ల దొరకగానే ఎక్కువ ఇళ్లలో జరిగే మొదటి పని ప్యాకెట్ పాలు గోరువెచ్చగా చేసి ఇంక్ ఫిల్లరుతో నోట్లో పోయడం. చాలా పిల్లలు ఆ పాల వల్లే పోతాయి. ఒళ్లు చల్లబడ్డ పిల్లకి పేగులు పనిచేయవు, లోపలికి వెళ్లిన పాలు అరగక పొట్టలోనే పులుస్తాయి. పైగా వెల్లకిలా పట్టుకుని పోస్తే అందులో కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉడుత పిల్ల ఆకలిని కొన్ని గంటలు ఓర్చుకోగలదు గానీ చలిని, పొలమారడాన్ని ఓర్చుకోలేదు. అందుకని వరుస ఎప్పుడూ ఇదే: ముందు తల్లి దగ్గరికి చేర్చే ప్రయత్నం, అది కుదరకపోతే వెచ్చదనం, తర్వాత ఓఆర్ఎస్ నీళ్లు, ఆఖరున పాలు.

ఇక్కడ చెప్పేది మన ఊళ్లలో తిరిగే మూడు చారల, అయిదు చారల ఉడుతల గురించి. పెంపకంలో రెంటికీ తేడా లేదు. 

తల్లి ఉందేమో చూడండి

ఏసీ బయటి యూనిట్ వెనక, సన్‌షేడ్ మూల, మీటరు పెట్టె మీద, కొబ్బరి మట్టల మొదట్లో కొబ్బరి పీచు, దూది, గోనె పోగులతో గూడు కడుతుంది ఉడుత. ఎండాకాలం మొదట్లో ఏసీ సర్వీసింగ్ వాళ్లు వచ్చినప్పుడు, కొబ్బరి చెట్టుకి మట్టలు కొట్టించినప్పుడు, గాలివాన పడ్డ మర్నాడు పిల్లలు కింద కనిపిస్తాయి. అలా పడ్డవన్నీ తల్లి లేనివి కావు. తల్లి దగ్గర్లోనే ఉండి, మనుషులు పక్కకి తప్పుకోగానే వచ్చి నోటితో కరుచుకుని ఇంకో గూటికి తీసుకుపోతుంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టుకోదన్న మాట నిజం కాదు, నిశ్చింతగా పట్టుకోవచ్చు.

పిల్ల వెచ్చగా, గాయాలు లేకుండా ఉంటే చిన్న బుట్టలోనో మూత తీసిన అట్టపెట్టెలోనో మెత్తటి గుడ్డ వేసి పడుకోబెట్టండి. దాని పక్కన వేడినీళ్లు పోసిన చిన్న సీసాకి గుడ్డ చుట్టి పెట్టండి. బుట్టను గూడున్న చోటికి వీలైనంత దగ్గరగా, నేల నుంచి మనిషి ఎత్తున చెట్టుకో పైపుకో కట్టేయండి. నేల మీద పెడితే చీమలు, పిల్లులు వదలవు. నీడ తప్పకుండా ఉండాలి. మీరు కిటికీ లోపలి నుంచి చూడండి, కుక్కని కట్టేయండి. రెండు మూడు గంటలు చాలు. ఉడుతలు పగలే తిరుగుతాయి కాబట్టి సూర్యుడు దిగాక తల్లి రాదు, చీకటి పడకముందే పిల్లను లోపలికి తెచ్చేయాలి. రాత్రంతా వెచ్చగా ఉంచి తెల్లారగానే మళ్లీ అదే చోట పెట్టి చూడొచ్చు. ఒక రాత్రి మీ దగ్గర ఉన్నంత మాత్రాన తల్లి మర్చిపోదు.

ఈ ఎదురుచూపు పనికిరాని సందర్భాలున్నాయి. పిల్లి నోట్లోంచి లాక్కున్నది, ఒంటినిండా చీమలు పట్టినది, రక్తం కారుతున్నది, చల్లగా కదలకుండా ఉన్నది, పక్కనే తల్లి చచ్చి పడి ఉన్నది. వీటిని వెంటనే తీసుకోండి. పిల్లి పన్ను దిగితే గాయం పైకి సూదిమొన అంతే కనిపిస్తుంది, లోపల మాత్రం బ్యాక్టీరియా చేరి ఒకట్రెండు రోజుల్లో ఒళ్లంతా విషమవుతుంది. ఆ రోజే యాంటీబయాటిక్ పడాలి. దాని మోతాదు బరువుని బట్టి పశువుల డాక్టరే చెప్పాలి. మనుషుల మాత్ర విరిచి వేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

చీమల్ని మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో దులపండి. చెవుల చుట్టూ, పెదవుల దగ్గర, తోక కింద వెతకండి. బియ్యపు నూకలా తెల్లగా కనిపించేవి ఈగ గుడ్లు. ఒక్కటీ వదలకుండా తడి దూదితో తీసేయాలి, లేకపోతే మర్నాటికి పురుగులవుతాయి.

వెచ్చదనం

పిల్లను అరచేతిలో పెట్టుకుంటే మీ చేతికన్నా వెచ్చగా అనిపించాలి. చల్లగా ఉంటే చుక్క నీళ్లు కూడా పోయొద్దు. రెండు అరచేతుల మధ్య, లేదా చొక్కా లోపల ఒంటికి ఆనించి ఇరవై ముప్పై నిమిషాలు మెల్లగా వేడెక్కించండి. హెయిర్ డ్రయ్యరు, పొయ్యి సెగ, ఎర్రటి ఎండ వద్దు. హఠాత్తుగా వేడెక్కితే అదీ ప్రమాదమే.

ఇంటికి చెప్పుల పెట్టె చాలు. మూతకి కంతలు పెట్టండి. లోపల పాత బనియన్ గుడ్డ గానీ ఫ్లీస్ గానీ వేయండి. టవల్ వేస్తే దాని పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. విడి దూది అసలే వద్దు, దాని పోగులు కాలికి చుట్టుకుని రక్తం ఆగిపోతుంది. వేడి పెట్టెలో సగానికే ఉండాలి. వేడెక్కువైతే పిల్ల రెండో వైపుకి పాక్కుంటూ పోగలగాలి. వేడి కోసం మూడు మార్గాలు. మొదటిది వేడినీళ్ల సీసా, గుడ్డ చుట్టి, రెండు మూడు గంటలకోసారి మార్చాలి. చల్లారిన సీసా పిల్ల ఒంట్లో వేడినే లాగేస్తుంది, అందుకే రాత్రిళ్లు దీన్ని నమ్ముకోలేం. రెండోది మూకుట్లో పొడి బియ్యం వేడిచేసి పాత నూలు సాక్సులో పోసి ముడేయడం. మూడోది నడుం నొప్పికి వాడే హీటింగ్ ప్యాడ్, అన్నిటికన్నా తక్కువ వేడిలో, పెట్టె బయట, అడుగున సగానికి. కొన్ని ప్యాడ్లు గంటకో రెండు గంటలకో వాటంతటవే ఆగిపోతాయి, కొనేముందు చూసుకోండి. బల్బు వెలిగించి పెడతారు కొందరు. ఎల్‌ఈడీ బల్బుతో చెప్పుకోదగ్గ వేడి రాదు, పాత బల్బు పిల్లను ఎండగట్టేస్తుంది.

బొచ్చు రాని పిల్లకి పెట్టెలో 32 నుంచి 34 డిగ్రీలు, బొచ్చు వచ్చి కళ్లు తెరవనిదానికి 29, 30 డిగ్రీలు సరిపోతాయి. పెట్టెలో ఒక చిన్న థర్మామీటరు పడేస్తే ఊహించుకునే పని ఉండదు. మేలో మన ఎండలకి పగలు విడిగా వేడి అక్కర్లేదు, ఎక్కువైపోకుండా చూసుకోవడమే పని. పిల్ల కాళ్లు చాపి బల్లిలా పరుచుకుని, నోరు తెరిచి ఎర్రబడిందంటే వేడి ఎక్కువైంది. ముడుచుకుని వణుకుతుంటే తక్కువైంది. ఏసీ గదిలో, ఫ్యాను కింద మాత్రం ఎండాకాలంలోనూ వేడి పెట్టాల్సిందే.

ముందు నీళ్లు

మెడ వెనక చర్మాన్ని మెల్లగా రెండు వేళ్లతో ఎత్తి వదలండి. వెంటనే సర్దుకుంటే సరే, గుడారంలా నిలబడిపోతే ఒంట్లో నీరు తగ్గినట్టు. గూడు జారిన పిల్లలన్నిటికీ ఎంతో కొంత తగ్గే ఉంటుంది. మెడికల్ షాపులో డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసిన ఓఆర్ఎస్ పొడి అడగండి. డబ్బాల్లో వచ్చే పళ్ల రుచుల తీపి పానీయాలు దీనికి పనికిరావు. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి. కొంచెం పొడి, కొంచెం నీళ్లు అని అంచనా మీద కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. ఓసారి కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

పిల్ల వెచ్చబడ్డాక గోరువెచ్చటి ఓఆర్ఎస్ గంటకోసారి చొప్పున రెండు మూడు సార్లు పట్టండి. తర్వాత రెండు సార్లు సగం ఓఆర్ఎస్, సగం పాలు. అప్పుడు పూర్తి పాలు. నీరు బాగా తగ్గి నీరసంగా ఉన్నదానికి చర్మం కింద సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు, అది డాక్టరు పని.

ఏ పాలు, ఎన్ని

ఆవు పాలు, గేదె పాలు, ప్యాకెట్ పాలు ఉడుత పిల్లలకి అరగవు. వాటిలోని లాక్టోజు అనే పాల చక్కెర ఎక్కువై విరేచనాలవుతాయి, పొట్ట ఉబ్బుతుంది. ఉడుత తల్లి పాలలో కొవ్వు, మాంసకృత్తులు బాగా ఎక్కువ, కాబట్టి నీళ్లు కలిపిన ఆవు పాలు ఇంకా అన్యాయం. పెట్ షాపుల్లో కుక్కపిల్లలకి అమ్మే పాలపొడి ఉడుత తల్లి పాలకి దగ్గరగా ఉంటుంది. డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపండి. అది దొరికేదాకా ఒకటి రెండు రోజులు కాచి చల్లార్చిన మేకపాలు వాడొచ్చు. పసిపిల్లల పాలపొడి ఇంతకన్నా నాసి, ఇంకేదీ దొరకని రాత్రికి మాత్రమే.

కలిపిన పాలు ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంటాయి. ప్రతిసారీ కావలసినంతే చిన్న గిన్నెలో తీసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెట్టి వెచ్చచేయండి. మణికట్టు మీద చుక్క వేసుకుంటే వెచ్చగా తగలాలి. ఓసారి వెచ్చచేసి మిగిలినవి మళ్లీ వాడొద్దు.

పరిమాణం బరువుని బట్టే. బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ త్రాసు, 0.1 గ్రాము దాకా చూపేది, ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. ఒక పూటకి బరువులో అయిదు శాతం: 10 గ్రాముల పిల్లకి 0.5 మిల్లీలీటర్లు, 20 గ్రాములకి 1 మిల్లీలీటరు, 40 గ్రాములకి 2. బాగా అరిగించుకుంటున్న పిల్లకి మెల్లగా ఏడు శాతం దాకా పెంచొచ్చు. ఇంకా కావాలని సిరంజిని పట్టుకుని లాగుతుంది, జాలిపడి పోస్తే పొట్ట ఉబ్బుతుంది. కొంచెం తక్కువైతే వచ్చే నష్టం మరో రెండు గంటల్లో తీరుతుంది.

బొచ్చు రానివాటికి పగలు రెండు గంటలకోసారి, రాత్రి పన్నెండుకీ నాలుగుకీ లేచి మరీ పట్టాలి. బొచ్చు వచ్చి కళ్లు తెరవనివాటికి మూడు గంటలకోసారి, రాత్రి ఒక్కసారి. కళ్లు తెరిచాక నాలుగు గంటలకోసారి, రాత్రి అక్కర్లేదు. లేత పిల్ల పొట్ట ఎడమవైపు చర్మం కింద పాలు తెల్లగా కనిపిస్తాయి. పూట వేళయినా అది ఇంకా నిండుగానే ఉంటే ఆ పూట మానేయండి, పిల్ల చల్లబడిందేమో చూడండి.

పట్టే తీరు

1 మిల్లీలీటరు సిరంజి కావాలి. ఇన్సులిన్ సిరంజి అని అడిగితే ఎక్కువగా సూది ఊడిరానిది ఇస్తారు, సూది విడిగా వచ్చే 1 ఎంఎల్ ట్యూబర్‌క్యులిన్ సిరంజి అడగండి. సూది తీసి పడేసి, సిరంజి కొసకి సైకిల్ వాల్వ్ ట్యూబు అర అంగుళం ముక్క బిగువుగా తొడిగితే చక్కటి చనుమొన అవుతుంది. తొడిగే ముందు ఆ ముక్కను వేడినీళ్లలో మరిగించండి. పళ్లు వచ్చిన పిల్ల దాన్ని కొరికి మింగే ప్రమాదం ఉంది, రోజూ లాగి చూసుకుని, కొరుకుడు మొదలవగానే తీసేయండి. బాగా చిన్న పిల్లలకి సున్నా నంబరు పెయింటింగ్ బ్రష్‌ను పాలలో ముంచి పెదవికి ఆనిస్తే నాక్కుంటాయి. దూది ఒత్తి పద్ధతి వద్దు. ఎంత తాగిందో తెలియదు, పోగులు కడుపులోకి పోతాయి. ఇంక్ ఫిల్లరు నొక్కితే ఎంత వస్తుందో మన చేతిలో ఉండదు.

పిల్లను గుడ్డలో చుట్టి బోర్లా పట్టుకోండి, తల మాత్రం కాస్త పైకి. తల్లి దగ్గర తాగేటట్టే ఉండాలి. సిరంజిని నోటి పక్క మూలకి ఆనించి, ఒక చుక్క పెదవి మీద పెట్టి ఆగండి. అది నాకాక ఇంకో చుక్క. పిల్ల చప్పరించే వేగానికి మీ వేలు కదలాలి, మీ వేగానికి పిల్ల మింగడం కాదు. 1 మిల్లీలీటరు పట్టడానికి అయిదు నిమిషాలు పట్టినా తొందరపడకండి. సిరంజి వారం వాడాక లోపలి రబ్బరు బిగుసుకుపోయి నొక్కితే కదలదు, గట్టిగా నొక్కితే ఒక్కసారిగా చిమ్ముతుంది. పొలమారడానికి ముఖ్య కారణం ఇదే. సిరంజి ధర ఎంతో కాదు, పట్టేయడం మొదలవగానే కొత్తది తీయండి.

ముక్కులోంచి పాల బుడగ వస్తే వెంటనే ఆపండి. తల కిందికి వంచి కొద్ది క్షణాలు పట్టుకుని, ముక్కును టిష్యూతో అద్దండి. ఊపిరి మామూలయ్యేదాకా మళ్లీ పట్టొద్దు. తర్వాత ఒకట్రెండు రోజులు పిల్లను చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఊపిరితో పాటు టిక్ టిక్ మని చప్పుడు వచ్చినా, నోరు తెరిచి పీల్చినా నిమోనియా. ఇంటి వైద్యం లేదు, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

తాగాక మూతి తుడవాలి. పాలు ఎండితే అక్కడ బొచ్చు ఊడి పుండు పడుతుంది. ఆపైన చాలామందికి తెలియని పని ఒకటుంది: కళ్లు తెరవని పిల్ల తనంతట తాను మూత్రం పోయలేదు, తల్లి నాకితేనే వస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన దూదితో తోక కింద మెల్లగా అద్దినట్టు ఒక నిమిషం రాయండి. పసుప్పచ్చటి చుక్కలు రాలతాయి. ఇది మానేస్తే మూత్రాశయం నిండి పగిలి చచ్చిపోతుంది. ప్రతి పూటా చేయాలి, కళ్లు తెరిచి గుడ్డ తడుస్తున్నట్టు మీరే గమనించేదాకా. మూత్రం ముదురు రంగులో, ఘాటైన వాసనతో ఉంటే నీళ్లు చాలడం లేదు. మలం ఆవపిండి రంగులో మెత్తటి గింజల్లా ఉంటే బాగున్నట్టు.

పొట్ట డోలులా గట్టిపడితే పాలు ఆపేయండి. పిల్లను నడుం దాకా గోరువెచ్చటి నీళ్లలో పట్టుకుని పొట్టను పక్కల నుంచి మెల్లగా నిమరండి, ఆరబెట్టి వెచ్చగా పడుకోబెట్టండి. తర్వాతి రెండు పూటలు ఓఆర్ఎస్ మాత్రమే. తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. గ్రైప్ వాటర్ పోయకండి. విరేచనాలకీ మొదట చేయాల్సింది ఇదే, పాలు ఆపి ఓఆర్ఎస్. ఒక పూట దాటినా తగ్గకపోతే ఆలస్యం వద్దు, ఇంత చిన్న ఒంట్లో నీరు గంటల్లో అయిపోతుంది.

రోజూ ఒకే వేళకి, పాలు పట్టే ముందు బరువు తూచి రాసుకోండి. రోజుకి ఎంత పెరిగిందన్నది అంత ముఖ్యం కాదు. రెండు రోజులు వరసగా పెరగకపోతే ఎక్కడో తేడా ఉంది: వేడి, పాల చిక్కదనం, పూటల సంఖ్య, ఈ మూడిట్లోనే వెతకండి.

కళ్లు తెరిచాక

మూడు నాలుగు వారాల ప్రాంతంలో కళ్లు తెరుస్తాయి. ఇంకో వారానికి నోటికి ఏది అందితే అది కొరుకుతాయి. అప్పుడు పాలతో పాటు చిన్న పళ్లెంలో ఘనాహారం పెట్టండి: పెంపుడు ఎలుకలకి మేతగా అమ్మే పెల్లెట్లు నానబెట్టి, గింజలు తీసిన యాపిల్ ముక్క, జామ, కీరదోస, లేత మొక్కజొన్న, మునగాకు. పాలు తొందరపడి మాన్పించొద్దు. ఎనిమిది, పది వారాల మధ్య అవే తగ్గించుకుంటూ వస్తాయి.

ఈ దశలో ఎక్కువమంది చేసే పొరపాటు వేరుశనగ గుళ్లు, పొద్దుతిరుగుడు గింజలతోనే పెంచేయడం. ఉడుత వాటినే ఇష్టంగా తింటుంది, మిగతావి నెట్టేస్తుంది. వాటిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. ఒళ్లు ఆ కాల్షియాన్ని ఎముకల నుంచి లాగుతుంది. చలాకీగా గెంతిన పిల్ల ఒక రోజు వెనక కాళ్లు ఈడుస్తుంది, ఎక్కిన చోటి నుంచి పడిపోతుంది, ముట్టుకుంటే అరుస్తుంది. చూసినవాళ్లు దెబ్బ తగిలిందనుకుంటారు. తొలి దశలో డాక్టరు కాల్షియం పెడితే కోలుకుంటుంది, ముదిరితే కష్టం. అందుకే గింజలు రోజుకి ఒకటో రెండో, మిగతావన్నీ తిన్నాకే. పక్షుల షాపుల్లో దొరికే సముద్రపు నురుగు (కటిల్ బోన్) ముక్క పంజరంలో ఎప్పుడూ ఉంచండి. రోజూ పొద్దుటి ఎండ కొంతసేపు నేరుగా తగలాలి. గాజు కిటికీ లోపలి నుంచి వచ్చే ఎండతో విటమిన్ డి తయారవదు.

పాలలో ముంచిన బిస్కెట్టు, బ్రెడ్డు, ఉప్పు వేసిన అన్నం, చాక్లెట్ పెట్టకండి. ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి వేప, జామ పచ్చి కొమ్మలు బెరడుతో సహా పెట్టండి, కొరికి అరగదీసుకుంటుంది. మందు కొట్టిన తోటల కొమ్మలు తేవద్దు.

ఉడుత మిమ్మల్ని కరిస్తే గాయాన్ని పావుగంట సబ్బు నీళ్లతో కడిగి డాక్టరుని అడగండి, ముఖ్యంగా ఆ పిల్లను కుక్కో పిల్లో కరిచి ఉంటే.

వదలడం

ఉడుత అడవి ప్రాణి, ఇంట్లో ఉంచుకునేది కాదు. పెరిగాక పంజరంలో పెట్టుకుంటే కరుస్తుంది, చువ్వలు కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటుంది. దొరికిన రోజే దగ్గర్లోని అటవీ శాఖ ఆఫీసుకో, హైదరాబాద్‌లో అయితే బ్లూ క్రాస్ లాంటి జంతు సంరక్షణ సంస్థకో ఫోను చేసి చెప్పండి. వాళ్లు తీసుకుంటే అంతకన్నా మంచిది లేదు. మీరే పెంచాల్సి వస్తే మొదటి రోజు నుంచే వదలడాన్ని దృష్టిలో పెట్టుకోండి. ఒక్కరే చూసుకోవాలి. కళ్లు తెరిచాక చేతుల్లో ఆడించడం తగ్గించాలి. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే వాటితో స్నేహం చేయించి వీడియోలు తీయడం దానికి చావు నేర్పడమే. ఇంకో ఒంటరి పిల్ల ఎవరి దగ్గరైనా ఉంటే కలిపి పెంచితే రెండు పిల్లలకీ మంచిది.

పాలు పూర్తిగా మానేశాక పంజరాన్ని చెట్టు దగ్గరికో, చెట్టు కొమ్మలు తగిలే బాల్కనీకో మార్చండి. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, అర అంగుళం జాలీ. సగం పైన వానకి, ఎండకి అడ్డు ఉండాలి. లోపల చెక్క డబ్బాలో కొబ్బరి పీచు పెడితే గూడు తనే కడుతుంది. కనీసం రెండు వారాలు అక్కడ ఉంచండి. చుట్టుపక్కల ఉడుతల కేకలు వింటుంది, కాకిని చూసి బెదరడం నేర్చుకుంటుంది. తొక్కతో ఉన్న వేరుశనగ కాయను తనే ఒలుచుకుంటోందా, మీరు తప్ప ఇంకెవరు వచ్చినా గూట్లోకి పరుగెడుతోందా, కొమ్మ నుంచి కొమ్మకి తడబడకుండా గెంతుతోందా చూడండి. ఈ మూడూ వస్తేనే, అదీ పన్నెండు వారాల తర్వాతే, తలుపు తీయండి.

వేరే ఉడుతలు తిరుగుతున్న చోటే వదలాలి. అవి ఉన్నాయంటే తిండీ నీళ్లూ ఉన్నట్టే. వాన లేని రోజు, పొద్దున్నే తలుపు తీసి వదిలేయండి, చేత్తో బయటికి తీయకండి. దీపావళి టపాసుల వారం, తుఫాను హెచ్చరికలున్న రోజులు తప్పించండి. పంజరాన్ని, గూటి డబ్బాను అక్కడే ఉంచి తలుపు ఎప్పుడూ తెరిచి పెట్టండి. మొదటి రాత్రులు చాలావరకు తిరిగి వస్తుంది. పళ్లెంలో తిండి, నీళ్లు మొదటి వారం మామూలుగా, రెండో వారం రోజు విడిచి రోజు పెట్టి, పళ్లెం ముట్టుకోకుండా మిగిలిపోయేటప్పుడు మానేయండి. డబ్బాను మాత్రం చెట్టుకే వదిలేయండి. అది కాకపోతే ఇంకో ఉడుత దాన్ని వాడుకుంటుంది.